సర్వర్లలో అడపాదడపా తలెత్తే మందగమనం

సర్వరు తనకు అందిన అభ్యర్థనలకు మామూలుగా పట్టే సమయం కంటే చాలా ఆలస్యంగా జవాబివ్వడాన్ని సర్వరు మందగమనం అంటారు. ఈ ఆలస్యం ఎల్లవేళలా ఉండక, కొన్ని సెకన్లో నిమిషాలో ఉండి, ఎవరూ ఏమీ చేయకుండానే తగ్గిపోయి, కొంత కాలానికి మళ్ళీ తిరిగివస్తే అది అడపాదడపా తలెత్తే మందగమనం అవుతుంది. సర్వరు పూర్తిగా ఆగిపోయినపుడు లోపం కళ్ళెదుటే ఉంటుంది. ఇక్కడ మాత్రం నిర్వాహకుడు వచ్చి చూసే సమయానికి యంత్రం చక్కగా పనిచేస్తూ ఉంటుంది. రోజు విడిచి రోజు వచ్చే చలిజ్వరాన్ని దాని వేళను బట్టి వైద్యులు గుర్తించినట్లే, ఈ సమస్యను కూడా అది వచ్చే వేళను, ఉండే వ్యవధిని బట్టి గుర్తించవలసి ఉంటుంది. ఇందుకు మందగమనం లేని సమయంలో కూడా కొలతలు నమోదవుతూ ఉండాలి.

ఈ వ్యాసంలో ప్రధానంగా లినక్సు ఆపరేటింగ్ సిస్టమ్ మీద వెబ్‌సైటును, డేటాబేసును నడిపే సర్వర్లను గురించి వివరించబడినది.

ప్రాముఖ్యత

పరీక్షా ఫలితాలు, ఉద్యోగ దరఖాస్తులు, రైలు టికెట్లు, బ్యాంకు చెల్లింపులు మొదలైన సేవలు అంతర్జాలానికి మారిన తరువాత సర్వరు ఆలస్యం సామాన్య ప్రజలకు కూడా అనుభవంలోకి వచ్చింది. దరఖాస్తుకు గడువు ముగిసే గంటలో పేజీ తెరుచుకోకపోతే అభ్యర్థికి ఒక సంవత్సరం నష్టం కావచ్చును. చెల్లింపు మధ్యలో ఆలస్యమైతే ఖాతాలో డబ్బు తగ్గి, రసీదు మాత్రం రాని స్థితి ఏర్పడుతుంది.

ఆలస్యం తనను తాను పెంచుకునే గుణం కూడా కలిగి ఉన్నది. పేజీ రాకపోతే వాడుకరి మళ్ళీ మళ్ళీ మీట నొక్కుతాడు. మొదటి అభ్యర్థన సర్వరులో ఇంకా నడుస్తూ ఉండగానే రెండవది, మూడవది వచ్చి చేరుతాయి. ఈ విధంగా చిన్న అవాంతరం కూడా కొద్ది నిమిషాలలో పెద్ద రద్దీగా మారగలదు.

వరుసలు, నిరీక్షణ

సర్వరు పనితీరును అర్థం చేసుకోవడానికి వరుసల సిద్ధాంతం ఉపయోగపడుతుంది. డెన్మార్కుకు చెందిన గణిత శాస్త్రవేత్త అగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ (1878-1929) కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, టెలిఫోన్ పిలుపులు వచ్చే తీరును సంభావ్యతా శాస్త్రంతో వివరించాడు. 1909లో ఆయన ప్రచురించిన పత్రం ఈ సిద్ధాంతానికి పునాదిగా భావించబడుతుంది.

సర్వరులోని సీపీయూ, డిస్కు, నెట్‌వర్కు, డేటాబేసు లాక్ - ఇవి ఒక్కొక్కటీ ఒక టికెట్ కౌంటరు వంటివి. ఒక అభ్యర్థనకు పట్టే మొత్తం సమయంలో రెండు భాగాలుంటాయి: పని జరిగే సమయం, వరుసలో వేచి ఉండే సమయం. మందగమనం వచ్చినపుడు సాధారణంగా పెరిగేది రెండవ భాగమే.

అభ్యర్థనలు క్రమం లేకుండా వస్తూ, ఒకే కౌంటరు ఉన్న సరళమైన నమూనాలో, మొత్తం సమయం పని సమయాన్ని ఖాళీ వంతుతో భాగించగా వచ్చిన దానికి సమానం. ఒక పనికి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, వినియోగాన్ని బట్టి మొత్తం సమయం ఇలా మారుతుంది:

- 50 శాతం వినియోగం వద్ద 20 మిల్లీసెకన్లు
- 80 శాతం వద్ద 50 మిల్లీసెకన్లు
- 90 శాతం వద్ద 100 మిల్లీసెకన్లు
- 95 శాతం వద్ద 200 మిల్లీసెకన్లు
- 99 శాతం వద్ద 1000 మిల్లీసెకన్లు, అనగా ఒక సెకను

వినియోగం 50 నుండి 55 శాతానికి పెరిగితే ఎవరికీ తేడా తెలియదు. అదే 5 శాతం పెరుగుదల 90 వద్ద జరిగితే ఆలస్యం రెట్టింపు అవుతుంది. అర్ధరాత్రి ఎవరికీ ఇబ్బంది కలిగించని చిన్న పని, పగటివేళ రద్దీలో సర్వరును నిదానింపజేయడానికి కారణం ఇదే. ఆ పని ముగియగానే వరుస తరిగిపోయి సర్వరు తనంతట తానే కోలుకుంటుంది.

సగటు విలువల పరిమితి

అప్పుడప్పుడు మాత్రమే వచ్చే ఆలస్యం సగటు విలువలలో కనిపించదు. ఒక సర్వరుకు 1000 అభ్యర్థనలు రాగా, 980 అభ్యర్థనలకు 0.1 సెకను చొప్పున, 20 అభ్యర్థనలకు 8 సెకన్ల చొప్పున పట్టిందనుకుందాం. సగటు సుమారు 0.26 సెకను మాత్రమే. ఈ సంఖ్యను చూసినవారు సర్వరు బాగానే ఉన్నదని భావిస్తారు. నిజానికి 0.26 సెకనులో జవాబు అందుకున్న వాడుకరి ఒక్కడు కూడా లేడు.

అందువలన సగటుకు బదులు పర్సెంటైల్ విలువలను చూస్తారు. పై ఉదాహరణలో 95వ పర్సెంటైల్ 0.1 సెకను కాగా, 99వ పర్సెంటైల్ 8 సెకన్లు. గూగుల్ సంస్థకు చెందిన జెఫ్రీ డీన్, లూయిజ్ ఆండ్రే బరోసో 2013లో ప్రచురించిన వ్యాసంలో ఈ అరుదైన ఆలస్యాల ప్రభావాన్ని లెక్కగట్టి చూపారు. ఒక సర్వరు 100 అభ్యర్థనలలో ఒకదానికి మాత్రమే ఆలస్యంగా జవాబిస్తుందనుకుందాం. ఒక పేజీ తయారుకావడానికి అటువంటి 100 సర్వర్ల జవాబులు కావలసి వస్తే, దాదాపు 63 శాతం పేజీలు ఆలస్యమవుతాయి.

కొలతల వ్యవధి విషయంలో కూడా ఇదే చిక్కు ఉన్నది. లినక్సులో విరివిగా వాడే సార్ అనే ఉపకరణం సాధారణంగా 10 నిమిషాలకు ఒకసారి సగటును నమోదు చేస్తుంది. డిస్కు 20 సెకన్లపాటు 100 శాతం వినియోగంలో ఉండి, మిగిలిన 580 సెకన్లు 10 శాతం వద్ద ఉంటే, ఆ పది నిమిషాల సగటు 13 శాతంగా నమోదవుతుంది. ఎంత తక్కువ సేపు ఉండే మందగమనాన్ని పట్టుకోవాలంటే అంత తక్కువ వ్యవధిలో కొలవడం అవసరం.

కొలిచే సాధనాలు

- టాప్: ఏ ప్రాసెస్ ఎంత సీపీయూను, మెమరీని వాడుతున్నదో చూపుతుంది. ఇది ఆ క్షణంలోని స్థితిని మాత్రమే చూపుతుంది కనుక జరిగిపోయిన దానిని తెలుసుకోవడానికి పనికిరాదు.
- వీఎంస్టాట్: మెమరీ, స్వాపింగ్, సీపీయూ వివరాలను కోరిన వ్యవధిలో వరుసగా ముద్రిస్తుంది.
- ఐఓస్టాట్: ఒక్కొక్క డిస్కు మీద పడుతున్న భారాన్ని, ఒక్కొక్క కోరికకు పట్టిన సమయాన్ని చూపుతుంది.
- సార్: పై వివరాలను రోజుల తరబడి భద్రపరచి, గడిచిన కాలపు లెక్కలను చూపుతుంది.
- వెబ్ సర్వరు చిట్టా: ప్రతి అభ్యర్థనకు పట్టిన సమయాన్ని కూడా నమోదు చేసేలా దీనిని అమర్చుకోవచ్చును.
- డేటాబేసు నిదాన ప్రశ్నల చిట్టా: మై‌ఎస్‌క్యూఎల్‌లో దీని మామూలు హద్దు 10 సెకన్లు. ఈ హద్దును తగ్గించకపోతే 3, 4 సెకన్ల ఆలస్యాలు చిట్టాలోకి ఎక్కవు.

లోడ్ యావరేజ్ అనే సంఖ్యను తరచుగా అపార్థం చేసుకుంటారు. ఇది గత 1, 5, 15 నిమిషాలకు సంబంధించిన మూడు విలువలుగా కనిపిస్తుంది. లినక్సులో ఈ సంఖ్యలో సీపీయూ కోసం వేచి ఉన్న ప్రాసెస్‌లతో పాటు, డిస్కు వంటి వాటి జవాబు కోసం కదలకుండా ఎదురుచూస్తున్నవి కూడా లెక్కకు వస్తాయి. లోడ్ ఎక్కువగా ఉండి సీపీయూ ఖాళీగా ఉన్నదంటే, కారణాన్ని ముందుగా డిస్కులోనో, నెట్‌వర్కు ద్వారా జతచేసిన నిల్వలోనో వెదకాలి. అటువంటి సందర్భంలో ఎక్కువ సీపీయూలు గల యంత్రాన్ని కొన్నా ప్రయోజనం ఉండదు.

ప్రధాన కారణాలు

కాలపట్టిక ప్రకారం నడిచే పనులు

బ్యాకప్ తీయడం, పాత చిట్టాలను కుదించడం, నివేదికలు తయారుచేయడం వంటి పనులను క్రాన్ అనే ఏర్పాటు నిర్ణీత వేళకు నడుపుతుంది. మందగమనం ప్రతి గంటకూ ఒకే నిమిషంలో గానీ, ప్రతి రోజూ ఒకే వేళకు గానీ వస్తుంటే మొదట అనుమానించవలసినది వీటినే. అనేక పనులను సరిగ్గా గంట కొట్టే నిమిషానికే అమర్చడం వలన అవన్నీ ఒకేసారి మొదలవుతాయి.

సర్వరు గడియారం ఏ దేశ కాలమానంలో ఉన్నదో చూడడం కూడా ముఖ్యం. భారత ప్రామాణిక సమయం, అంతర్జాతీయ సమన్విత సమయం కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు ఉంటుంది. అమెరికా తూర్పు తీర కాలమానంలో ఉన్న సర్వరు మీద రాత్రి 12:30కు అమర్చిన బ్యాకప్, అక్కడ వేసవి సమయం అమలులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఉదయం 10 గంటలకు మొదలవుతుంది. అదే బ్యాకప్ శీతాకాలంలో ఇక్కడి ఉదయం 11 గంటలకు జరుగుతుంది. అమెరికాలో గడియారాలను మార్చే మార్చి, నవంబరు నెలలలో మందగమనపు వేళ కూడా ఒక గంట జరిగినట్లయితే, కారణం ఆ దేశపు గడియారాన్ని అనుసరిస్తున్నదని తెలుసుకోవచ్చును.

మెమరీ కొరత

మెమరీ నిండినపుడు ఆపరేటింగ్ సిస్టమ్ అంతగా వాడని భాగాలను డిస్కు మీదకు పంపి, అవసరమైనపుడు తిరిగి తెస్తుంది. దీనిని స్వాపింగ్ అంటారు. మెమరీని చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, తిరిగే డిస్కు నుండి చదవడానికి 10 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఈ తేడా సుమారు లక్ష రెట్లు. యంత్రం అసలు పని మాని, పేజీలను అటూ ఇటూ మోయడంలోనే కాలం గడిపే స్థితిని థ్రాషింగ్ అంటారు. దీనిని పీటర్ డెన్నింగ్ 1968లో ప్రచురించిన పత్రంలో విశ్లేషించాడు.

జావా వంటి భాషలలో వ్రాసిన ప్రోగ్రాములు ఇక అక్కరలేని మెమరీని తామే ఏరివేస్తాయి. దీనినే గార్బేజ్ కలెక్షన్ అంటారు. ఈ సమయంలో ప్రోగ్రాము కొంతసేపు పూర్తిగా ఆగవచ్చును. గార్బేజ్ కలెక్షన్ చిట్టాలోని వేళలను, ఆలస్యమైన అభ్యర్థనల వేళలను పక్కపక్కన ఉంచి చూస్తే సంబంధం తెలిసిపోతుంది.

డిస్కు, నిల్వ పరికరాలు

నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని చదవవలసి వస్తే అది సెకనుకు సుమారు వంద కోరికలను మాత్రమే తీర్చగలదు. పాడవడం మొదలైన డిస్కు, చదవలేని చోట పదే పదే ప్రయత్నిస్తుంది. ఆ కొద్ది సెకన్లు దాని కోసం వేచి ఉన్న పనులన్నీ ఆగిపోతాయి. పాడైన భాగం జోలికి వెళ్ళనంతసేపు డిస్కు చక్కగానే పనిచేస్తుంది కనుక ఈ లోపం చాలాకాలం బయటపడకపోవచ్చును.

బ్యాటరీ గల కొన్ని రెయిడ్ కంట్రోలర్లు ఆ బ్యాటరీని కొన్ని నెలలకొకసారి ఖాళీచేసి, మళ్ళీ నింపి పరీక్షించుకుంటాయి. ఆ గంటలలో వ్రాత సమాచారాన్ని తాత్కాలిక మెమరీలో ఉంచక నేరుగా డిస్కుకే పంపుతాయి. దీనివలన మూడు నెలలకొకసారి, కారణం తెలియకుండా డేటాబేసు నిదానించే అవకాశమున్నది.

డేటాబేసు

ఒక లావాదేవీ ఒక వరుసను మారుస్తున్నంతసేపు, దానినే మార్చదలచిన ఇతర లావాదేవీలు లాక్ కోసం వేచి ఉంటాయి. ఈ సమయంలో సీపీయూ, డిస్కు రెండూ ఖాళీగా కనిపిస్తాయి. యంత్రం ఖాళీగా ఉండి, వాడుకరులు మాత్రం ఎదురుచూస్తున్నారంటే లాక్‌లను పరిశీలించాలి.

మార్పులను డిస్కుకు చేర్చే చెక్‌పాయింట్ మరొక కారణం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో దీని మామూలు వ్యవధి 5 నిమిషాలు. ఆ వ్రాతనంతా ఒక్కసారిగా కాక, వ్యవధి పొడవునా పరచేందుకు అమరిక ఉన్నది. 2021లో వెలువడిన 14వ వెర్షనులో ఈ అమరిక మామూలు విలువను 0.5 నుండి 0.9కి పెంచారు.

నెట్‌వర్కు

తీగ సరిగా బిగియకపోవడం, స్విచ్ లోపం మొదలైన కారణాల వలన కొన్ని ప్యాకెట్లు దారిలో పోతాయి. టీసీపీ నియమం ప్రకారం పోయిన ప్యాకెట్టును కొంతసేపు ఆగి మళ్ళీ పంపుతారు. పాత పరికరాలలో డ్యూప్లెక్స్ అమరిక రెండు వైపులా వేరువేరుగా ఉన్నపుడు, రద్దీ తక్కువగా ఉంటే అంతా సరిగా నడిచి, రద్దీ పెరగగానే వేగం పడిపోతుంది.

పొరుగు యంత్రాల భారం

ఒకే భౌతిక యంత్రం మీద అనేక వర్చువల్ సర్వర్లు నడుస్తున్నపుడు, పొరుగు సర్వరు భారం వలన మన సర్వరుకు రావలసిన సీపీయూ సమయం తగ్గవచ్చును. వీఎంస్టాట్‌లో ఇది స్టీల్ అనే పేరుతో కనిపిస్తుంది. అమెజాన్ 2014లో ప్రవేశపెట్టిన టీ2 వంటి చవక రకాలలో సీపీయూ వాడకానికి క్రెడిట్లు ఉంటాయి. క్రెడిట్లు అయిపోగానే వేగం తగ్గి, కొంత విశ్రాంతి తరువాత మళ్ళీ పెరుగుతుంది.

ఆలస్యపు నిడివిని బట్టి గుర్తింపు

రద్దీ వలన కలిగే ఆలస్యాలు రకరకాల నిడివిలో ఉంటాయి. ఆలస్యం ప్రతిసారీ ఒకే నిడివిలో ఉన్నదంటే, ఎక్కడో ఒక గడువు ముగిసేవరకు ఎదురుచూడడం జరుగుతున్నదని అర్థం. లినక్సులో తరచుగా ఎదురయ్యే నిడివులు:

- 40 మిల్లీసెకన్లు: టీసీపీలో రసీదును ఆలస్యంగా పంపే పద్ధతి, చిన్న ప్యాకెట్లను కూడబెట్టే నేగిల్ పద్ధతి ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడడం
- 1, 3, 7 సెకన్లు: కనెక్షన్ కోరే మొదటి ప్యాకెట్ పోవడం. మొదటి గడువు 1 సెకను కాగా, ఆపైన ప్రతిసారీ గడువు రెట్టింపవుతుంది. 2011కు ముందు ప్రమాణం ప్రకారం మొదటి గడువు 3 సెకన్లు
- 5 సెకన్లు: డీఎన్ఎస్ సర్వరు నుండి జవాబు రాకపోవడం
- 30 సెకన్లు: డిస్కుకు పంపిన ఆదేశానికి జవాబు రాకపోవడం
- 50 సెకన్లు: మై‌ఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో లాక్ కోసం వేచి ఉండే గడువు ముగియడం

ఇవి మామూలు విలువలు. నిర్వాహకులు వీటిని మార్చి ఉండవచ్చును. ఉదాహరణకు, సాధారణంగా 0.2 సెకనులో వచ్చే పేజీ అప్పుడప్పుడు సరిగ్గా 5.2 సెకన్లకు వస్తుంటే, డీఎన్ఎస్ అమరికలో ఉన్న మొదటి సర్వరు పనిచేయక, 5 సెకన్ల తరువాత రెండవ దానిని అడుగుతున్నదని అనుమానించవచ్చును. దొరికిన చిరునామాను ప్రోగ్రాము కొంతసేపు గుర్తుంచుకుంటుంది. ఆ గుర్తు చెల్లిపోయినపుడు మాత్రమే మళ్ళీ అడుగుతుంది కనుక ఈ ఆలస్యం ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది.

నిర్ధారణ క్రమం

1. ఫిర్యాదు వివరాలు సేకరించడం: ఏ పేజీ, ఏ వేళకు, ఎంతసేపు, అందరికీనా లేక కొందరికేనా అన్నవి వ్రాసుకోవాలి.
2. గడియారాలను సరిచూడడం: వెబ్ సర్వరు, డేటాబేసు సర్వరుల గడియారాలు ఒకదానితో ఒకటి కలవకపోతే చిట్టాలను పోల్చడం సాధ్యం కాదు.
3. మామూలు స్థితిని కొలవడం: మంచి రోజున విలువలు ఎంత ఉంటాయో తెలియకపోతే చెడ్డ రోజున ఏది పెరిగినదో చెప్పలేరు.
4. ఆలస్యమైన అభ్యర్థనలను వేళల వారీగా పేర్చడం: గంటకో రోజుకో తిరిగి వస్తున్నదా, రద్దీని బట్టి వస్తున్నదా అన్నది దీనివలన తెలుస్తుంది.
5. ప్రతి వనరుకు మూడు ప్రశ్నలు వేయడం: వినియోగం ఎంత, వరుసలో ఎన్ని వేచి ఉన్నవి, తప్పిదాలు నమోదైనవా. ఈ పద్ధతిని బ్రెండన్ గ్రెగ్ 2012లో యూజ్ పద్ధతి అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు.
6. ఒక కారణాన్ని ఊహించి పరీక్షించడం: బ్యాకప్ మీద అనుమానమైతే దాని వేళను మార్చి చూడాలి. మందగమనం కూడా ఆ వేళకే జరిగితే అనుమానం నిజమవుతుంది.
7. ఒకసారికి ఒకే మార్పు చేయడం: నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసినదో తెలియదు.

అడపాదడపా వచ్చే సమస్యలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది. ఏ మార్పు చేసినా, చేయకపోయినా మందగమనం కొంతసేపటికి తగ్గుతుంది కనుక, చివరగా చేసిన పనే దానిని తగ్గించినదని నమ్మడం సహజం. సర్వరును రీస్టార్ట్ చేయడం ఇందుకు మంచి ఉదాహరణ. రీస్టార్ట్ వలన వరుసలు ఖాళీ అయి సేవ వెంటనే కోలుకుంటుంది, అయితే అప్పటివరకు మెమరీలో ఉన్న సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. సేవను వెంటనే నిలబెట్టడం తప్పనిసరి అయినపుడు, రీస్టార్ట్‌కు ముందు ప్రాసెస్‌ల జాబితాను, డేటాబేసులో నడుస్తున్న ప్రశ్నలను, డిస్కు కొలతలను ఒక ఫైలులో భద్రపరచడానికి ఒక నిమిషం కేటాయించడం మంచిది. సమస్య తీరిందని చెప్పడానికి, అది మామూలుగా తిరిగివచ్చే వ్యవధి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కాలం వేచి చూడాలి.

ప్రసిద్ధ సంఘటనలు

2008 డిసెంబరులో, సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్ ఒక డేటా కేంద్రంలో డిస్కుల వరుస ఎదుట గట్టిగా అరచి, అదే క్షణంలో డిస్కు ఆలస్యం పెరగడాన్ని తెర మీద చూపాడు. ధ్వని వలన కలిగిన కంపనం ఇందుకు కారణం. ఈ దృశ్యం విశేష ప్రచారం పొందింది. పక్కనే ఉన్న యంత్రం అదురు కూడా డిస్కును నిదానింపజేయగలదని దీనివలన తెలుస్తుంది.

2012 జూన్ 30న అంతర్జాతీయ సమయానికి ఒక లీపు సెకను కలిపినపుడు, లినక్సు కెర్నెల్‌లోని ఒక లోపం వలన అనేక సర్వర్లలో జావా, మై‌ఎస్‌క్యూఎల్ వంటి ప్రోగ్రాములు సీపీయూను పూర్తిగా ఆక్రమించినవి. రెడ్డిట్ మొదలైన వెబ్‌సైట్లకు అంతరాయం కలిగింది. భారతదేశంలో అప్పుడు జూలై 1 ఉదయం 5:30 గంటలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని యంత్రాలు ఒకే క్షణంలో నిదానించడమే గడియారం మీదికి దృష్టి మళ్ళించే ఆధారం. సర్వరు తేదీని మళ్ళీ అమర్చితే చాలా యంత్రాలు కోలుకున్నవి. లీపు సెకనును చివరిసారిగా 2016 డిసెంబరు 31న కలిపారు.

నివారణ

- కాలపట్టిక పనులను వేరువేరు నిమిషాలకు జరిపి, రద్దీ లేని వేళలలో నడపడం
- బ్యాకప్ వంటి భారీ పనులకు డిస్కు వినియోగంలో తక్కువ ప్రాధాన్యం ఇవ్వడం
- ముఖ్యమైన వనరులను 90 శాతం దరిదాపులకు చేరనీయకుండా ఖాళీ ఉంచడం
- తాత్కాలిక ప్రతులన్నీ ఒకే క్షణంలో కాలం చెల్లకుండా వాటి గడువులను చెదరగొట్టడం
- విఫలమైన అభ్యర్థనను వెంటనే కాక, ప్రతిసారీ మరికొంత ఎక్కువ సేపు ఆగి మళ్ళీ పంపడం
- చెల్లింపులలో ఒకే అభ్యర్థన రెండుసార్లు వచ్చినా ఒక్కసారే అమలయ్యేలా ప్రోగ్రాము వ్రాయడం
- 99వ పర్సెంటైల్ హద్దు దాటినపుడు హెచ్చరిక పంపి, ఆ సమయంలోని వివరాలను తనంతట తానే భద్రపరచే ఏర్పాటు చేయడం

రైల్వే తత్కాల్ బుకింగు వంటి సేవలలో రద్దీ వచ్చే వేళ ముందే తెలుసు. 2015 నుండి తత్కాల్ టికెట్లను ఏసీ తరగతులకు ఉదయం 10 గంటలకు, ఇతర తరగతులకు 11 గంటలకు వేరువేరుగా ప్రారంభిస్తున్నారు. రద్దీని ఈ విధంగా వేరువేరు వేళలకు పంచడం కూడా భారాన్ని తగ్గించే ఒక మార్గం. ఫలితాల విడుదల వంటి సందర్భాలలో, మారని పేజీలను ముందే తయారుచేసి అనేక సర్వర్లలో ఉంచడం వలన డేటాబేసు మీద భారం తగ్గుతుంది.

ఇవి కూడా చూడండి

- వరుసల సిద్ధాంతం
- లినక్సు
- వర్చువల్ మెమరీ
- టీసీపీ
- డేటాబేసు
- లీపు సెకను